కోపం నరం

ఆ ఉదయం ఆ ఇంట్లో గొడవ పాల ప్యాకెట్ దగ్గర మొదలైంది.

ప్యాకెట్ మూల కత్తిరించడానికి మరిదికి వంటింట్లో చాకు కనిపించలేదు. వెతికే ఓపికా లేదు. ముందుగదిలోకి వెళ్లి కుట్టుమిషను బల్ల మీదున్న పెద్ద కత్తెర తెచ్చి, మూల తెగ్గోసి, తడిసిన కత్తెరను సింకు పక్కనే వదిలేసి పోయాడు. బట్ట కోసే కత్తెరతో కాగితం ముక్క కూడా కోయరాదని కుట్టుపని జరిగే ఇళ్లలో పసిపిల్లలకు సైతం తెలుసు. ప్లాస్టిక్ రుచి మరిగిన కత్తెర మర్నాడు పల్చటి గుడ్డను కోయదు, నములుతుంది.

"నా కత్తెర జోలికి రావద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?" అంది వదిన, కత్తెరను పొడిగుడ్డతో తుడుస్తూ.

"కోసింది పాల ప్యాకెట్టే కదా వదినా. పెళ్లికొడుకు కోటేం కాదుగా."

"ఆ కోటే ఇవాళ కోయాల్సింది. దీంతో కోస్తే అంచుకు పీచులు లేస్తాయి. మాట పడేది నేను, నువ్వు కాదు."

గొంతు కాస్త లేచిన మాట నిజమే. అంతే, కుర్చీలో ఉన్న అత్తగారు తల ఎత్తకుండానే, "పొద్దున్నే బీపీ తెచ్చుకోకమ్మాయ్" అంది. పేపరు చదువుతున్న భర్త చిరునవ్వు నవ్వి పేజీ తిప్పాడు. మరిది అలమరలోంచి బీపీ మిషను తెచ్చి వదిన చేతికి పట్టీ చుట్టాడు. పట్టీ బుసకొట్టి బిగిసింది, సడలింది. నూట డెబ్బై ఎనిమిది. మరిది ఆ అంకెను పరీక్ష ఫలితంలా అందరివైపూ తిప్పి, "చూశారా మరి" అన్నాడు.

కత్తెర సంగతి అక్కడితో ముగిసింది. తప్పు చేసిన చేతికి కాక, అడిగిన చేతికి పట్టీ పడింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి తమ ఇంటివైపు ఓసారి చూసుకోవాలని కోరుతున్నాను. "నాకు బీపీ తెప్పించకు" అని మనం రోజుకెన్నిసార్లు అంటున్నాం? పై అధికారి కసిరితే ఆయనకు బీపీ. అత్త విసుక్కుంటే ఆవిడకు బీపీ. చిల్లర ఇవ్వని కొట్టువాడితో వాదించినవాడికి బీపీ. రక్తనాళాల్లో చప్పుడు లేకుండా తిరిగే ఒక జబ్బుకూ, మనిషికి సహజంగా వచ్చే కోపానికీ కలిపి ఒకే పేరు పెట్టుకుని మనం హాయిగా నవ్వుకుంటున్నాం. ఆ నవ్వు వల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికే ఈ కథ.

వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అంటారు. స్కూలు యూనిఫారాల నుంచి పెళ్లి కోట్ల దాకా కుడుతుంది. వీధివైపు తలుపున్న ముందుగదే ఆమె కొట్టు. పొద్దుటి వెలుతురు నేరుగా సూది మీద పడేలా మిషనును కిటికీ పక్కన వేసుకుంది. భర్త గోదాములో లెక్కలు చూస్తాడు. ఆయనకు కోపం వచ్చిందని చెప్పగలిగిన మనిషి ఆ వీధిలోనే లేడు. స్నేహితులు ఆయన్ను మంచుగడ్డ అని పిలుస్తారు. ఇంట్లో ఎంత రభస జరిగినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, చివర్లో "సరే, సరే" అంటాడు. ఆ "సరే"కు అర్థం ఏమీ చేయనని.

మిషనమ్మకు రక్తపోటు ఉందని తెలిసి చాలా ఏళ్లయింది. ఒక మాత్రతో మొదలై నాలుగు రకాలకు చేరింది. ఒక్క పూట మానలేదు. దారపు కండెల డబ్బాలో ఒక అర మాత్రలకే కేటాయించుకుంది. ఉప్పు తగ్గించింది, పొద్దున్నే నడిచింది. అయినా అంకె దిగలేదు. నాలుగు మందులు వేసుకున్నా ఎందుకు దిగడం లేదని ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. కారణం వాళ్లకు ముందే తెలుసు కదా. "నోరు ఊరుకుంటే అదే దిగుతుంది" అనేది అత్తగారు. ధ్యానం చేయమన్నారు కొందరు, పది అంకెలు లెక్కపెట్టుకోమన్నారు ఇంకొందరు. ఎన్ని రకాలుగా చెప్పినా సలహా ఒక్కటే, నోరు మూసుకోమని.

కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు. మాటను చంపడానికి బీపీ అని పేరు పెడితే చాలు.

ఆ ఏడు మరిది సెల్‌ఫోన్లు బాగుచేయడం నేర్చుకుని కొట్టు పెడతానన్నాడు. కొట్టుకు వీధివైపు గది కావాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. మిషనును వెనక వరండాలోకి మారిస్తే సరిపోతుందని అన్నదమ్ములిద్దరూ ఆలోచించుకున్నారు.

మిషనమ్మ కుదరదంది. కుదరదని ఊరికే అనలేదు, కారణాలు చెప్పింది. వరండాకు వెలుతురు రాదు. పక్కనే బట్టలుతికే చోటు, ఎప్పుడూ తడి. మిషను తుప్పు పడుతుంది, కుట్టిన బట్ట ముక్కిన వాసన వేస్తుంది. కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్లు వంటింటి మీదుగా నడిచి రారు.

"ఒక లైటు పెట్టుకుంటే సరిపోతుంది వదినా" అన్నాడు మరిది.

"నల్లదారం, ముదురు నీలం దారం లైటు కింద ఒక్కలాగే కనిపిస్తాయి. పగటి వెలుతురు కావాలి."

దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు. జవాబు లేనప్పుడు ఆ ఇంట్లో ఏం చేస్తారో మీకు తెలుసు. పట్టీ వచ్చింది. అంకె వచ్చింది. "ఇప్పుడు వద్దులే, ఆవేశంలో ఉంది" అని వాయిదా వేశారు. వాదనలో ఓడింది వాళ్లు, నెమ్మదించాల్సింది ఆమె.

ఆ తరువాత కొద్దిరోజులకు, ఒక పొద్దుటి పూట, ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తూ సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం సూదిబెజ్జంలోకి వెళ్లలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. బెజ్జం రెండైంది, మూడైంది, ఆపైన మసక. కూతురు కాలేజీకి బయలుదేరబోతూ తల్లి ముఖం చూసి చెప్పులు విడిచింది. పట్టీ కట్టి చూస్తే పై అంకె రెండు వందలు దాటింది.

"ఎవరితో పోట్లాడింది?" అని లోపలి నుంచి అడిగింది నాయనమ్మ.

"ఎవరితోనూ కాదు నాయనమ్మా. పాడుకుంటోంది" అంది ఆ పిల్ల, ఆటో కోసం వీధిలోకి పరుగెడుతూ.

ఆసుపత్రిలో చూపు సాయంత్రానికి తేరుకుంది. అక్కడి గుండె డాక్టరు నడివయసు ఆవిడ, మాట సూటి. ముందు మిషనమ్మ మాత్రలన్నీ బల్ల మీద పెట్టించి, నిజంగా వేసుకుంటున్నదో లేదో అడిగి తెలుసుకుంది. రక్తం, గ్రంథుల పరీక్షలు, కిడ్నీల స్కానింగు చేయించింది. మందులు మార్చి, ఇంకొకటి చేర్చి కొన్ని వారాలు చూసింది. ఒక రోజంతా చేతికి పట్టీ కట్టి ఉంచి, నిద్రలో కూడా దానంతటదే కొలిచేలా ఏర్పాటు చేసింది. ఆ ఫలితం వచ్చిన రోజు కూతురు దాన్ని చాలాసేపు చూసి, "అర్ధరాత్రి నిద్రలో కూడా నూట డెబ్బై. నిద్రలో అమ్మ ఎవరితో దెబ్బలాడింది నాన్నా?" అంది. తండ్రి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచుగడ్డ కదా.

కొంతమందికి ఎన్ని మందులిచ్చినా రక్తపోటు లొంగదని, అలాంటివాళ్లలో కొందరికి ఇంకో మార్గం ఉందని డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మెదడుకూ కిడ్నీలకూ మధ్య కబుర్లు మోసే సన్నని నరాలు కిడ్నీల రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉంటాయట. అవి అతిగా సందడి చేస్తే రక్తపోటు దిగదట. తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నని తీగలాంటి గొట్టాన్ని కిడ్నీ దాకా పంపి, లోపలి నుంచే వేడి తగిలించి ఆ నరాల సందడి తగ్గిస్తారట. కోత లేదు, కుట్లు లేవు. "అందరికీ ఒకేలా పనిచేయదు. ఒక్కరోజులో దిగదు, నెలలు పడుతుంది. మందులు పూర్తిగా మానడం ఉండదు. కొంత దిగినా పక్షవాతం ముప్పు అంతమేరకు తగ్గుతుంది" అని దాపరికం లేకుండా చెప్పింది. ఆలోచించుకోమంది.

మిషనమ్మకు ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. కళ్లు పోతే సూది పోతుంది. చేయించుకుంటానంది.

భర్త మాత్రం ఆ మాటలన్నింటిలో ఒక్కదాన్నే ఇంటికి మోసుకొచ్చాడు. "నరాలు కాలుస్తారట" అన్నాడు.

"కోపం నరమా?" అంది అత్తగారు, కళ్లజోడు తీసి.

భర్త కాదనలేదు. అవుననలేదు. "సరే, సరే" అన్నాడు. మరిది మాత్రం ఆ రోజు మొదటిసారిగా వదినకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ ఇంటివాళ్లు దుర్మార్గులని నేను చెప్పను. ఆమె బతకాలనే కోరుకున్నారు. ఆసుపత్రి దగ్గర భర్త తిండి మానేసి కూర్చున్నాడు. కానీ ఆ కోరిక పక్కనే ఇంకో కోరిక కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె బతకాలి, అయితే కాస్త మూగగా బతకాలి.

చికిత్స అనుకున్నట్టే జరిగింది. కొన్నాళ్లు బరువులెత్తకూడదని, మెట్లు నెమ్మదిగా ఎక్కాలని చెప్పి ఇంటికి పంపారు. మిషనమ్మ కూతురి భుజం పట్టుకుని గడప దాటి, ముందుగదిలో నిలబడిపోయింది. కిటికీ పక్కన మిషను లేదు. గాజు బల్ల ఉంది, దాని మీద విప్పదీసిన ఫోన్లు ఉన్నాయి. మిషను వెనక వరండాలో, నీళ్ల తొట్టి పక్కన, ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉంది. కత్తెర దాని మీదే ఉంది. పట్టాకు అంటించిన టేపు కోయడానికి వాడినట్టున్నారు, అంచులకు జిగురు అంటుకుంది.

"నన్నడగకుండా ఎవరు తీశారు?" అంది ఆమె.

గట్టిగా కూడా అనలేదు. అయినా తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు ఎదురుచూసింది ఈ ప్రశ్న కాదు.

"ఇంకా పనిచేయలేదు" అన్నాడు మరిది మెల్లగా. "నెలలు పడుతుందన్నారుగా."

ఇంతటి మాట ఎక్కడైనా విన్నామా? ఆమె కోపానికి ఇప్పుడు గడువు కూడా వచ్చింది. వరండా గురించి అడిగినప్పుడల్లా ఇదే జవాబు. నల్లదారం బదులు నీలందారంతో కోటు చేయి కుట్టి, విప్పి, మళ్లీ కుట్టి, వచ్చి నిలదీస్తే ఇదే జవాబు. అలవాటైన ఆడవాళ్లు వీధిలో ఫోన్ల బల్ల చూసి వెనక్కి వెళ్లిపోతున్నారని చెబితే, ఇదే. ఒక మధ్యాహ్నం ఆమె గోడకివతల మిషను తొక్కుతుండగా, గోడకవతల అత్తగారు పొరుగావిడతో అంటున్న మాట వినిపించింది. "నరం కాల్చారు గానీ, కొస మిగిలిపోయినట్టుందమ్మా."

మిషను ఆగింది. ఇన్నాళ్లూ తన గుండె కోసం, కళ్ల కోసం పంపారనుకున్న తీగ, వాళ్ల లెక్కలో తన నాలుక కోసం వెళ్లిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఏడవలేదు. కత్తెర తీసుకుని, జిగురంతా గోకి, సానరాయి మీద పెట్టి నూరడం మొదలుపెట్టింది.

మూడు నెలల తరువాత పరీక్షకు వెళ్లినప్పుడు భర్త వెంట ఉన్నాడు. మళ్లీ రోజంతా కొలిచిన పట్టీ ఫలితం డాక్టరు చూసింది. సగటు నూట ముప్పై ఎనిమిదికి వచ్చింది. నిద్రలో ఇంకా తక్కువ. ఒక మాత్ర తగ్గించింది. భర్త కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు.

"దిగింది బాగానే ఉందండి. కానీ మనిషిలో మార్పు రాలేదు. కోపం అలాగే ఉంది. ఆ నరం ఇంకొంచెం..."

"ఏ నరం?" అంది డాక్టరు.

ఆయన సర్దుకుని, ఇంట్లో అనుకుంటున్నదంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ తన మాటలు తనకే చిన్నవైనట్టు గొంతు తగ్గింది. డాక్టరు పెన్ను కింద పెట్టింది.

"కోపం వస్తే కాసేపు రక్తపోటు పెరుగుతుంది. మెట్లెక్కినా పెరుగుతుంది, పగలబడి నవ్వినా పెరుగుతుంది. మళ్లీ దిగుతుంది. అది జబ్బు కాదు. మీ ఆవిడకున్నది జబ్బు. ఆవిడ పాడుకుంటున్నప్పుడు ఉంది, నిద్రపోతున్నప్పుడు ఉంది. మీరంతా దాన్ని నోటి దురుసు అనుకుని ఏళ్లు గడిపారు. నాలుగు మందులకు దిగనప్పుడే తీసుకొస్తే కంటి దాకా వచ్చేది కాదు. నేను వేడి తగిలించింది కిడ్నీ దగ్గరండీ. మాట పుట్టేచోట కాదు. అలాంటి వైద్యం నా దగ్గర లేదు, ఉన్నా చేయను."

డాక్టరు ఏదో గుర్తొచ్చినట్టు, "మీకు కోపం రాదా?" అని అడిగింది.

"రాదండి. అస్సలు" అన్నాడాయన, కొంచెం గర్వంగానే.

"ఎప్పుడైనా కొలిపించుకున్నారా?"

"నాకెందుకండీ?"

డాక్టరు ఆయన చేతికి పట్టీ చుట్టింది. ఒకసారి చూసి, కాసేపు కూర్చోబెట్టి రెండో చేతికి చూసింది. మరికాసేపాగి మళ్లీ చూసింది. అంకెను ఆయనవైపు తిప్పింది. నూట డెబ్బై నాలుగు. "ఇంట్లో వారం రోజులు కొలిచి రాసుకుని రండి. ఇలాగే ఉంటే మందు మొదలుపెడదాం" అంది.

ఇంటికి వచ్చేదాకా ఆయన మడిచిన చొక్కా చేతిని సరిచేసుకుంటూనే ఉన్నాడు. ఆమె దెప్పిపొడవలేదు. ఆటో గతుకుల్లో పడ్డప్పుడు ఆయన మోచెయ్యి పట్టుకుంది, అంతే.

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. కూరలో ఉప్పు తక్కువైందని అత్తగారు గొణిగింది. ఈరోజు నుంచి అందరికీ ఇంతేనని మిషనమ్మ వడ్డిస్తూనే చెప్పింది. తరువాత బీపీ మిషను తెచ్చి కంచాల మధ్య పెట్టింది. మరిది అలవాటుగా పట్టీకి చెయ్యి చాచాడు.

"ఇవాళ నేనే కట్టుకుంటాను" అంది ఆమె.

కట్టుకుంది. పట్టీ బుసకొట్టి సడలింది. నూట ముప్పై ఆరు. ఆ అంకెను మరిదివైపు, అత్తగారివైపు, భర్తవైపు వరుసగా తిప్పి చూపించింది.

"చూశారా మరి" అంది. కూతురు నవ్వాపుకోలేక మంచినీళ్లు తాగింది.

"ఇప్పుడు నా బీపీ అదుపులో ఉంది. కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది బీపీ కాదు. రేపు మిషను మళ్లీ కిటికీ పక్కకు వస్తుంది. అడగడం లేదు, చెబుతున్నాను. బరువులు జాగ్రత్తన్నారు కనక నేను మొయ్యను. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా పట్టుకోండి."

"మరి నా కొట్టు వదినా?" అన్నాడు మరిది, నోట్లో ముద్ద అలాగే ఉండగా.

"వరండాలో పెట్టుకో. ఒక లైటు పెట్టుకుంటే సరిపోతుందని నువ్వే అన్నావుగా. గుమ్మం దగ్గర నీ బోర్డు నేనే తగిలిస్తాను, వచ్చినవాళ్లను నేనే వెనక్కి పంపిస్తాను."

అత్తగారు నోరు తెరిచి, ఏదో అనబోయి, అలవాటైన ఆ రెండక్షరాలూ పెదవి దాకా వచ్చి ఆగిపోవడంతో ఉత్తినే నమిలింది. ఎందుకంటే కోడలు పట్టీ విప్పి అప్పటికే పెద్దకొడుకు చేతికి చుడుతోంది. అంకె చూసిన పెద్దావిడ ముఖం పాలిపోయింది. "వీడికా? వీడు గట్టిగా తుమ్మనైనా తుమ్మడే" అంది.

"అందుకే అత్తయ్యా, మనకు తెలియలేదు. అరిచేవాళ్లనే కొలుస్తూ కూర్చున్నాం. రేపటి నుంచి ఈ ఇంట్లో అందరినీ కొలుద్దాం. మీతో సహా."

భర్త తన చేతిని చూసుకుంటూ, "సరే, సరే" అన్నాడు.

"సరే అంటే కుదరదు. మిషను ఎప్పుడు మోస్తారో చెప్పండి."

ఆయన తలెత్తి భార్యను చూశాడు. ఆ ఇంట్లో బహుశా మొదటిసారిగా ఆయన నోటి నుంచి ఒక జవాబు వచ్చింది. "పొద్దున్నే, గోదాముకు వెళ్లేముందు."

మిషనమ్మ తన కంచం ముందు కూర్చుంది. "ఇంకొక్క మాట. ఇకమీదట ఈ ఇంట్లో బీపీ అనే మాట ఈ పట్టీ కట్టినప్పుడే వినపడాలి. నాకు కోపం వస్తే కోపం వచ్చిందనండి, ఎందుకొచ్చిందని అడగండి. రక్తపోటుకు మాత్రలున్నాయి, మాత్రలకు లొంగకపోతే తీగ ఉంది. న్యాయం అడిగే నోటికి జబ్బు పేరు పెట్టే అలవాటుకు మాత్రం ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు, అది ఇంట్లోనే మానుకోవాలి."